బావిలో మందు, చీర మీద మచ్చ

హెల్త్ విజిటరు ఉద్యోగంలో చేరబోతున్న మా అన్నయ్య కూతురు మొన్నొకరోజు, "అత్తయ్యా, నీ సర్వీసు మొత్తంలో నిన్ను బాగా తిప్పలు పెట్టిన కేసేది?" అని అడిగింది. అడ్డం తిరిగిన కాన్పు గురించో, పాముకాటు గురించో చెబుతాననుకుంది. "బ్లీచింగ్ పౌడరు తగిలి రంగు పోయిన చీరలు" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ఆ సంగతులు ట్రెయినింగులో ఎవరూ చెప్పరు. అందుకని దానికీ, దానిలాంటి పిల్లలకీ పనికొస్తాయని రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్ళు మా డిపార్టుమెంటులో బోలెడుమంది ఉన్నారు.

నా పని

అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడలేదు. ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఒంగోలుకి పడమటగా ఉన్న నల్లరేగడి ఊళ్ళు కొన్ని నాకు అప్పగించారు. ఎటు చూసినా పత్తి, మిరప, పొగాకు. వాన కురిస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి, ఎండ కాస్తే నెర్రెల్లో కాలు ఇరుక్కోకుండా చూసుకోవాలి. గర్భిణులను చూడటం, బాలింతలకు జాగ్రత్తలు చెప్పడం, పసిపిల్లలను తూచడం నా రోజువారీ పని. అది కాక, మాఘ ఫాల్గుణాల్లో తిరునాళ్ళు మొదలైతే కలరా పని మీద పడేది. జనం బళ్ళు కట్టుకుని తిరునాళ్ళకు వెళ్ళి, ఎక్కడెక్కడి నీళ్ళో తాగి వచ్చేవాళ్ళు. వాళ్ళతోపాటు జబ్బు కూడా ఊళ్ళోకొచ్చేది. టీకాలు వెయ్యాలి, మంచినీళ్ళ బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలపాలి.

పొడిని తీసుకెళ్ళి బావిలో కుమ్మరించడం కాదు ఆ పని. బకెట్లో కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి, మళ్ళీ నీళ్ళు పోసి, అడుగున మడ్డి పేరుకునేదాకా ఆగాలి. పైన తేరిన నీళ్ళు మాత్రమే వేరే బకెట్లోకి వంచుకుని, దాన్ని తాడుతో బావిలోకి దించి కలియతిప్పాలి. మిగిలిన మడ్డిని ఎవరూ తొక్కని చోట గొయ్యి తీసి పూడ్చాలి. ఇంత చెప్పినా పనివాళ్ళు ఆ చివరి పని దగ్గరే ఒళ్ళు దాచుకుంటారు. మీరు దగ్గరుండి చేయించండి.

తొట్టిలో మడ్డి

ఊరి పేరు రాయను. ఇప్పటికీ నేను వెళితే పీట వేసి అన్నం పెట్టే ఊరది. మిరప కోతలు అయిపోయాయి. కూలి డబ్బు దాచుకున్న ఆడవాళ్ళందరూ, మూట మోసుకొచ్చే వర్తకుడి దగ్గర చీరాల నేత చీరలు కొనుక్కున్నారు. ఏడాదికి అదొక్కటే మంచి చీర. తిరునాళ్ళకు కట్టుకోవాలని ఆశ. కొత్త చీర గంజి వదిలేందుకు ఒకసారి నీళ్ళలో నానబెట్టి జాడిస్తారు కదా, తిరునాళ్ళకు రెండు వారాల ముందు ఒకరోజు పొద్దున్నే అందరూ బావి దగ్గర చేరి, పక్కనున్న రాతితొట్టి నింపి చీరలన్నీ అందులో ముంచారు.

ముందు రోజు సాయంత్రం మా పనివాడు బావిలో మందు కలిపి, మడ్డి పూడ్చడానికి బద్ధకించి ఆ తొట్టిలోనే వంపేసి పోయాడు. నేను ఆ వేళ వేరే ఊళ్ళో కాన్పు దగ్గరున్నాను.

మర్నాడు ఊళ్ళో అడుగుపెట్టేసరికి అచ్చమ్మ ఎదురొచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. కోతకు ముఠాలు కట్టి ఆడవాళ్ళను తీసుకెళ్ళేది ఆవిడే. మిరప చేలో ఒక గట్టున నిలబడి పిలిస్తే నాలుగో గట్టుకి వినపడే గొంతు. మిరపపండు రంగు చీర నా మొహం ముందు చాపింది. దాని నిండా అరచేతులంత తెల్లటి మచ్చలు.

"ఏందమ్మో నర్సమ్మా! నీ మందు నా చీరకి బొల్లి తెప్పిచ్చింది, చూడు! ఇంకోసారి ఆ డబ్బా మా బావి కాడికి తెస్తే డబ్బానీ నిన్నూ కలిపి బావిలో ఏత్తా!"

వెనక పదిమందికి పైగా ఆడవాళ్ళు, తలో చీర పట్టుకుని. మూడు ఆకుపచ్చ, రెండు నీలం, మిగిలినవి ఎరుపులో రకాలు. అన్నిటికీ అదే గతి. అచ్చమ్మ తోడికోడలు కోటేశ్వరమ్మ, పాతికేళ్ళుంటాయేమో, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాకు అచ్చమ్మ తిట్లకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

మా హెల్త్ ఇన్‌స్పెక్టరు గారికి చెబితే, "గవర్నమెంటు చీరలు కొనిపెట్టదమ్మా. బావి దగ్గరికి రానివ్వకపోతే పోలీసులను తీసుకెళదాం" అన్నారు. ఆయనకు ప్రతి జబ్బుకీ అదొక్కటే మందు. తిరునాళ్ళు ముగిసి జనం తిరిగొచ్చేలోపు బావిలో మళ్ళీ మందు కలపకపోతే ఊరు ఊరంతా ప్రమాదంలో పడుతుంది. పోలీసులు ఎన్నాళ్ళు బావికి కాపలా కాస్తారు?

డాక్టరు గారి సలహా

మా హెల్త్ ఆఫీసరు డాక్టరు గారు మాటల పొదుపరి. ఆయనకున్న సరదా ఒక్కటే, ఫోటోలు తీసుకుని వాటిని ఇంట్లోనే కడుక్కోవడం. నేను పట్టుకెళ్ళిన చీరని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇంకా మందు వాసన వస్తోంది. అంటే గుడ్డలో ఉండి ఇప్పటికీ తింటోంది. ముందు దాన్ని ఆపాలి కమలా."

"నిమ్మకాయ రుద్దమంటారా?"

"అయ్యో, పులుపు తగిలిందంటే ఘాటు గాలి లేస్తుంది. దగ్గి దగ్గి పడిపోతావు. మంచినీళ్ళలో బాగా జాడించి, నేను ఫోటోలకు వాడే హైపో ఇస్తాను, ఆ పలుకులు నాలుగు నీళ్ళలో కరిగించి చీర ముంచు. మళ్ళీ జాడించు."

"అప్పుడు రంగు తిరిగొస్తుందాండీ?"

"రాదు. గుడ్డ చిరగకుండా మిగులుతుంది."

ఈ మాట మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. అది మరక కాదు, ఉతికితే పోవడానికి. రంగే లేకుండా పోయిన చోటు. సబ్బుతో ఎంత తోమినా లేని రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను ఊరెళ్ళి చీరలన్నీ హైపో నీళ్ళలో ముంచి తీశాను. వాసన పోయింది. మచ్చలు నన్ను చూసి నవ్వుతూ అలాగే ఉన్నాయి. అచ్చమ్మ ఆ చీరని తిరగేసి మరగేసి చూసి, "ఇందుకా ఇంత హడావుడి?" అంది.

ఎర్ర చీర మీద కుంకుమ నూరి పూశాను. ఆరాక దులిపితే రాలిపోయింది. పారాణి పూస్తే మొదటి నీటికే కారి, పక్కనున్న గుడ్డంతా పెళ్ళికూతురి పాదంలా తయారైంది. ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఉక్రోషం వచ్చినా, తిట్టేవాళ్ళు నవ్వుతున్నారంటే పని సగమైందని లోలోపల అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు గారి కోటు

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు మా ఇంటికొచ్చారు. చంకలో కాగితంలో చుట్టిన పొట్లం. అటూ ఇటూ చూసి, మెల్లిగా విప్పారు. ఆయన ముదురు నీలం కోటు. పనివాడికి మందు ఎలా కలపాలో చూపించబోయి, చిమ్మించుకున్నారట. జేబు మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ.

"ఎల్లుండి పై ఆఫీసరు గారు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నారు. మీరేదో చీరలు బాగుచేస్తున్నారని విన్నాను. ఎవరికీ చెప్పకండి" అన్నారు.

గవర్నమెంటు కోట్లు కొనిపెట్టదా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. హైపో పెట్టాక, నా పెన్నులోని నీలం సిరా దూదితో అద్దాను. ఆరాక చూస్తే మచ్చ ఎక్కడుందో నాకే తెలియలేదు. ఆయన చేతులు జోడించి వెళ్ళారు.

ఇన్‌స్పెక్షను రోజు ఎండ మండిపోయింది. ఆయనకు చెమటలు పట్టాయి. కోటు విప్పి చేతిమీద వేసుకునేసరికి, తెల్లచొక్కా మీద గుండె దగ్గర నీలంగా ఇంత మేర. పై ఆఫీసరు గారు కంగారుపడి, "ఏమయ్యా, దెబ్బ తగిలిందా?" అని అడిగారు. "కలం కారిందండీ" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నా వంక చూడకుండా. ఆ రోజు ఆయన జేబులో అసలు కలమే లేదు. పై ఆఫీసరు గారు పెద్దమనిషి, ఇంకేం అడగలేదు.

రాతసిరా గుడ్డని పట్టుకోదని అలా నేర్చుకున్నాను. చూడ్డానికి కలిసిపోతుంది, తడి తగిలితే బయటపడుతుంది. ఉడికించి ఎక్కించే అద్దకం రంగే కావాలి. ఒక మంచి జరిగింది. ఆ రోజు నుంచీ ఇన్‌స్పెక్టరు గారు చీరల విషయంలో పోలీసుల మాట ఎత్తలేదు.

అచ్చమ్మ మాట

ఒంగోలు బజారులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు పొట్లాలు కొన్నాను. వేడినీళ్ళలో కలిపి, చిన్న గుడ్డముక్కతో మచ్చల మీద అద్దాను. మచ్చ ఎర్రబడింది గానీ, చీర ఎరుపు వేరు, దీని ఎరుపు వేరు. పైగా అంచు చుట్టూ ముదురు గీత. అచ్చమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నర్సమ్మా, గోడకి ఒక్కచోట సున్నం పెచ్చు ఊడిందనుకో, అక్కడే పూసుకుంటా కూచుంటామా? గోడంతా ఎల్లేత్తాం. చీరంతా ముంచెయ్యి, ఏదో ఒక ముదురు రంగులో."

నాకు అంతవరకూ తట్టని మాట. కానీ మచ్చలున్న ఎర్ర చీరని నల్లరంగులో ముంచితే, ఎరుపున్నచోట ఒకలా, తెల్లమచ్చ మీద ఇంకోలా వస్తుంది కదా? ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ముందు మచ్చలకు నేను చేసినట్టే అసలు రంగుకి దగ్గరగా ఉండే రంగు అద్ది ఆరనిచ్చి, ఆ తర్వాత చీర మొత్తం ఎరుపు, నీలం కలిపిన ముదురు వంకాయ రంగులో ఉడికించాలని తేల్చుకున్నాం. కొంగు చివర చిన్న మూల ముంచి చూశాం. ఆరాక మచ్చ జాడ దాదాపు కనపడలేదు.

కోటేశ్వరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నాకు నా ఆకుపచ్చరంగే కావాలక్కా" అంది. ఆమె చీర మీద మచ్చలు చిన్నవి, కొంగు పక్కనే ఉన్నాయి. పసుపు దారంతో ఒక్కో మచ్చ మీదా ఒక్కో చామంతి పువ్వు కుట్టుకుంటానంది. నేను సరేనన్నాను. అందరికీ ఒకే మందు రాసే డాక్టరుని నేను ఎన్నడూ నమ్మలేదు.

పత్తి కట్టె మంట

అచ్చమ్మ ఇంటి ముందు పొయ్యి తవ్వారు. వడ్లు ఉడకేసే పెద్ద కాగు తెచ్చి పెట్టారు. పత్తి తీసేసిన చేలనుంచి ఎండు పత్తి కట్టె మోపులు మోపులుగా వచ్చింది. రంగు పట్టడానికి ఉప్పు కావాలంటే, కొత్తపట్నం వైపునుంచి బండిమీద ఉప్పు అమ్ముకొచ్చేవాడు బస్తా దించిపోయాడు. చీరల్ని ముందు తడిపి, మరిగే రంగునీళ్ళలో వేసి, రోకలంత కర్రతో ఆపకుండా తిప్పాలి. ఆపితే అతుకులతుకులుగా పడుతుంది. వంతులు వేసుకుని తిప్పారు. ఊళ్ళో మగవాళ్ళు దూరంగా నిలబడి, "ఏందిరా, ఊరంతటికీ పులుసు కాత్తున్నారా?" అని ఎకసెక్కాలాడారు. అచ్చమ్మ గరిటెడు రంగునీళ్ళు ఎత్తి చూపించేసరికి వెనక్కి చూడకుండా పోయారు.

అలా కర్ర తిప్పుతూ ఉండగానే అసలు మాట బయటికొచ్చింది. అచ్చమ్మే అడిగింది. ఈసారి గొంతు పెద్దది చెయ్యలేదు.

"నర్సమ్మా, నిజం చెప్పు. చీరలో ఉన్న రంగుని తినేసింది ఆ మందు. పిల్లోళ్ళ కడుపులోకి పోతే పేగుల్ని తినదా?"

ఇన్నాళ్ళూ చీరల కోసం బావికి అడ్డం నిలబడ్డారనుకున్నాను. వాళ్ళ భయం పిల్లల కోసమని నాకు అప్పుడు తెలిసింది. ఈ ఉద్యోగంలో పేషెంటు ముందు చెప్పే బాధ ఒకటి, దాని వెనకాల దాచుకున్నది ఇంకొకటి ఉంటుంది. రెండోది విననిదే మీరు ఇంటికి రాకండి.

"అచ్చమ్మా, గుప్పెడు కారం తీసి కంట్లో కొడితే ఏమవుతుంది?" అన్నాను.

"కన్ను పోద్ది."

"మరి కూరలో వేసుకుని రోజూ తింటున్నారుగా?"

"కూరలో ఏసేది చెంచాడు."

"బావిలో వేసేదీ అంతే. మీ తొట్టిలో పడింది మాత్రం గుప్పెడు. మా వాడు చేసింది తప్పే. బావిలో కలిపేది కొలిచి వేస్తాం. రేపు కలిపిన తర్వాత మొదటి చెంబు నేను తాగుతాను, మీరు చూశాకే మీ పిల్లలకు పట్టండి."

అచ్చమ్మ కాసేపు కర్ర తిప్పింది. "రేపు ఆ డబ్బా తీసుకురా. కలిపేటప్పుడు నేను పక్కనుంటా" అంది.

చీరలు నీడలో ఆరాయి. ఎర్రవి వంకాయ రంగుకొచ్చాయి. ఆకుపచ్చవి వాన ముందు మబ్బులా, నీలాలు నేరేడుపండులా తేలాయి. అంచులు మునిగిపోయినందుకు ఒకరిద్దరు సణిగారు. "నా అంచు ఏదమ్మా?" అని ఒకావిడ వారం రోజులు అడుగుతూనే ఉంది. న్యాయమైన ప్రశ్నే. కోటేశ్వరమ్మ చామంతులు చూశాక మాత్రం మిగిలినవాళ్ళు, మేమూ అలా కుట్టుకుంటే పోయేదే అని గింజుకున్నారు. తిరునాళ్ళలో ఒకే తీరు రంగు చీరలతో వరసగా నడుస్తుంటే, ఇదేదో కొత్త భజన సమాజమని జనం దారి ఇచ్చారట. గుళ్ళో దర్శనం కూడా ముందే అయిందని అచ్చమ్మ మురిసిపోతూ చెప్పింది.

చీరలు ఉడికించిన మర్నాడే, అన్న మాట ప్రకారం బావిలో మందు కలిపాను. అందరూ చూస్తుండగా చెంబెడు తాగాను. వాసన ఉన్నమాట నిజం, దాచలేదు. కాసేపు ఆగితే పోతుందని చెప్పాను.

మీ ఇంట్లో మచ్చ పడితే

ఇప్పుడు బ్లీచింగ్ ప్రతి ఇంట్లోనూ ఉంది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. చిమ్మిందని తెలిసిన వెంటనే చన్నీళ్ళ ధార కింద పెట్టండి. ఎంత త్వరగా పెడితే అంత రంగు మిగులుతుంది. పులుపు, అమ్మోనియా లాంటివి దగ్గరికి రానివ్వకండి. హైపో దొరికితే మంచిది, లేకపోతే నీళ్ళే మళ్ళీ మళ్ళీ మార్చండి. నూలుగుడ్డ అయితే పైన చెప్పినట్టు మచ్చకి రంగు అద్ది, అవసరమైతే మొత్తం ముదురు రంగు వేసుకోవచ్చు. ఏ రంగైనా తడిమీద ముదురుగా కనపడి మోసం చేస్తుంది. ఒక మూల ముంచి, పూర్తిగా ఆరాక చూసి, అప్పుడే తెగించండి. తర్వాత నాలుగైదు ఉతుకులదాకా వేరే బట్టలతో కలపకండి. పట్టు, ఉన్ని అయితే ఆ మందు రంగుతో ఆగదు, పోగునే తినేస్తుంది. అక్కడ అతుకో, కుట్టుపువ్వో తప్ప నా దగ్గర వైద్యం లేదు. ఉందని చెప్పేవాళ్ళను నమ్మకండి.

పక్క ఊరు

తిరునాళ్ళు ముగిసిన కొద్ది రోజులకే పక్క ఊళ్ళో వాంతులు, భేదులు మొదలయ్యాయి. ఒక ఇంటి కోడలు తెల్లవారేసరికి పోయింది. ఇంకొందరు పడ్డారు. డాక్టరు గారు వాళ్ళకు సెలైను ఎక్కిస్తుంటే, నేనూ ఇన్‌స్పెక్టరు గారూ డబ్బా పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళాం. చీరల కథ మాకంటే ముందే ఆ ఊరు చేరింది. బావి గట్టు చుట్టూ బిందెలు అడ్డం పెట్టి ఆడవాళ్ళు నిలబడ్డారు. నేను కారం గురించి చెప్పాను. ముందు నేను తాగుతానన్నాను. ఒక్కరూ బిందె కదపలేదు. నేను వాళ్ళ ఊరి మనిషిని కాదు, నా మాటెందుకు వినాలి?

అప్పుడు చేలగట్టు మీదుగా అచ్చమ్మ వచ్చింది. వెనక కోటేశ్వరమ్మ. నేను కబురు పెట్టలేదు. ఊళ్ళో మరణం సంగతి విని, వాళ్ళంతట వాళ్ళే నడిచి వచ్చారు. అచ్చమ్మ ఆ వంకాయ రంగు చీర కట్టుకుంది.

గుంపులో ఒకావిడ ఆమెను గుర్తుపట్టింది. "ఈ మందుతో చీరలు పాడైనియ్యంటగా వదినా?"

"పాడైనియ్. నాదే పాడైంది. ఇదిగో." కొంగు చాపి చూపించింది. "మిరపపండు లాంటి చీర ఇది."

"మరి ఆ రంగు మళ్ళా వచ్చిందా?"

"రాలా. ఆ రంగు ఇంక రాదు. ఇంకో రంగు ఏసుకుని కట్టుకున్నా." అచ్చమ్మ కొంగు భుజం మీద వేసుకుంది. "తెల్లారగట్ల పోయిన పిల్లకి ఏం రంగు ఏత్తారే?"

ఆ చనిపోయిన అమ్మాయి ఇంటిపక్క ముసలావిడ ముందుకొచ్చి, వంగి, తన బిందె తీసి చంకనెత్తుకుంది. తర్వాత ఇంకొకావిడ తీసింది. గట్టు ఖాళీ అయ్యేదాకా నేను డబ్బా మూత తియ్యలేదు.

ఆ ఊళ్ళో ఆ తర్వాత ఇంకెవరూ పోలేదు. జబ్బు పడ్డవాళ్ళు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. బావిలో మందు కలిపిన ఆ సాయంత్రం నేనూ, అచ్చమ్మా, కోటేశ్వరమ్మా చేలగట్టున తిరిగి వస్తున్నాం. నేను అలసిపోయి వెనకబడ్డాను. ముందు నడుస్తున్న అచ్చమ్మ ఆగి, వెనక్కి తిరిగి అడిగింది.

"నర్సమ్మా, రేపు ఏ ఊరికి పోదాం?"